డోపింగ్ మీద డిబేట్ పెడితే పిల్లలకు వార్తలు చదవడం వస్తుందా?

సోషల్ టీచర్: మీడియా అక్షరాస్యత గురించి పాఠం చెబితే క్లాసంతా ఆవలింతలే. అందుకే ‘ఆటల్లో ఉత్ప్రేరకాలను అనుమతించాలా, వద్దా’ అని డిబేట్ పెడదామనుకుంటున్నాను. వాదన కోసమైనా వార్తలు వెతుకుతారు కదా. ఏమంటారు?

న్యూస్‌డెస్క్: వెతుకుతారండీ. తమ పక్షానికి పనికొచ్చే ముక్క దొరకగానే ఆపేస్తారు. డోప్ టెస్టుల్లో తానెప్పుడూ దొరకలేదని సైక్లింగ్ ఛాంపియన్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏళ్ల తరబడి చెప్పుకున్నాడు. 2012లో అతని ఏడు టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్లూ పోయాయి, 2013 జనవరిలో టీవీలో తనే ఒప్పుకున్నాడు. 2010లో మీరు ఈ డిబేట్ పెట్టి ఉంటే, అతని మాట పట్టుకున్న జట్టుకే చప్పట్లు పడేవి.

సోషల్ టీచర్: అది మార్కులు వేసేవాళ్ల తప్పు. ‘ఈ మాట ఎవరు చెప్పారు, చెబితే వాళ్లకేంటి లాభం’ అని ఎదుటి జట్టును నిలదీసినవాళ్లకే మార్కులు వేస్తే?

పాత స్ప్రింటర్: అంత పెద్ద ప్రశ్న ఎందుకు మేడమ్, ఒక్క కేసు ఇవ్వండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్, రొమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రాదుకాన్. జలుబుకని టీమ్ డాక్టర్ ఇచ్చిన మాత్రలో సూడోఎఫెడ్రిన్ అనే, అప్పట్లో నిషేధంలో ఉన్న మందు ఉంది. ఆల్‌రౌండ్ స్వర్ణం వెనక్కి తీసుకున్నారు. టీమ్ స్వర్ణం, వాల్ట్ రజతం మాత్రం ఆమెకే ఉన్నాయి. ‘డోపింగ్‌లో దొరికిన ఛాంపియన్’ అని రాయొచ్చు, ‘జలుబు మాత్రకు పోయిన స్వర్ణం’ అనీ రాయొచ్చు. రెండూ అబద్ధాలు కావు. ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదేనన్న నిబంధన చెప్పకపోతే మాత్రం రెండూ సగం వార్తలే. పైగా ఆ మందును 2004లో నిషేధ జాబితా నుంచి తీసేసి, 2010లో మోతాదు పరిమితితో మళ్లీ చేర్చారు. ఏ ఏడాది రాసిన వార్త చదువుతున్నామో చూసుకోకపోతే బోల్తా పడతాం.

న్యూస్‌డెస్క్: ఇది బాగుంది. కానీ ఇందులో డిబేట్ ఏముంది? కూర్చోబెట్టి చదివించడమేగా!

సోషల్ టీచర్: ఊరికే చదివిస్తే మళ్లీ ఆవలింతలే సార్. తెల్లారితే స్టేజీ ఎక్కాలన్న టెన్షన్ ఉంటేనే రెండో పేజీ తిప్పుతారు.

జిమ్ కోచ్: నా భయం వేరు. ‘అనుమతించాలి’ అని వాదించే పిల్లలు ఫోన్‌లో ఏం చూస్తారో ఆలోచించారా? స్టెరాయిడ్లు అమ్మేవాళ్లు సైడ్ ఎఫెక్ట్సే లేవంటూ ఆరోగ్య సలహాల్లా పేజీలు పెడతారు. పక్కనే కండల ఫొటోలు, కింద కొనుక్కునే బటన్. పదిహేనేళ్ల కుర్రాడికి అది ప్రకటనలా కనబడదు.

సోషల్ టీచర్: అలాంటి పేజీతోనే క్లాసు మొదలుపెడతానండీ. డిబేట్ ఆ తర్వాతే.

జిమ్ కోచ్: సరే. అయితే పేరు, లింకు కొట్టేసి ప్రింట్ తీసి ఇవ్వండి. ఫోన్లు మాత్రం వద్దు.

న్యూస్‌డెస్క్: ఆ ప్రింట్‌కి నా ఓటు. డిబేట్‌కి మాత్రం ఇప్పటికీ కాదు.