1989 నిజంగా అంత గొప్ప సంవత్సరమా, లేక అప్పటి మన వయసు గొప్పదా?

రెండో ఆట:
మా ఇంట్లో రెండు రోజులుగా ఇదే గొడవ. మా అబ్బాయి మళ్లీ హాళ్లలో విడుదల చేసిన పాత 'శివ' చూసొచ్చి, "బాగుంది నాన్నా, కానీ మీరు చెప్పినంత లేదు" అన్నాడు. నాకు నిద్ర పట్టలేదు. తెలుగు సినిమాకి 1989 లాంటి ఏడాది మళ్లీ రాలేదని నా నమ్మకం. మేలో 'గీతాంజలి', అక్టోబర్ 5న 'శివ'. రెండింట్లోనూ నాగార్జునే హీరో, రెండింటికీ ఇళయరాజాదే సంగీతం. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా 'గీతాంజలి' ఒక్కటే, రామ్‌గోపాల్ వర్మకి 'శివ' మొదటిది. అదే ఏడాది వంశీ 'చెట్టుకింద ప్లీడరు', జంధ్యాల 'జయమ్ము నిశ్చయమ్మురా' కూడా. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

నేల టికెట్:
నేను కాదంటాను అండీ. మీరు చెప్పేది ఆ ఏడాది గురించి కాదు, రెండు సినిమాల గురించి. 1989లో మా ఊరి హాలు నింపింది 'ముద్దుల మావయ్య'. బాలకృష్ణ, విజయశాంతి, అన్నాచెల్లెళ్ల కథ, కె.వి. మహదేవన్ పాటలు. మా అమ్మ, పిన్ని, పక్కింటివాళ్లు అన్నం క్యారేజీలతో మ్యాట్నీకి వచ్చారు. లోపల ఏడ్చి, బయటికొచ్చి కళ్లు తుడుచుకున్నారు. తర్వాత 'అంకుశం'. అందులో విలన్ రామిరెడ్డి "స్పాట్ పెడతా" అంటే మా వీధి పిల్లలు నెలల తరబడి అదే మాట. ఇవాళ 1989 అనగానే వీటి పేరెత్తేవాళ్లు తక్కువ. ఆ ఏడాది గొప్పదైతే మా అమ్మ ఏడ్చిన సినిమా కూడా లెక్కలో ఉండాలి.

కృష్ణ ఒడ్డు:
నాది బెజవాడ. వర్మ గారు చదివిన సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ఊరు, కాబట్టి 'శివ' కాలేజీ కథ మాకు కొత్త కాదు. యూనియన్ ఎన్నికలు, వెనకుండే రౌడీలు, అన్నీ చూసినవే. 'శివ' గొప్ప సినిమా, ఒప్పుకుంటాను. కానీ దాని తర్వాత వచ్చిన నకళ్ల సంగతేంటి? కాలేజీ, గ్యాంగు, కత్తులు, కొన్నేళ్లపాటు అవే. మా క్లాసువాడొకడు పందెం వేసుకుని, సినిమాలో శివ లాగినట్టే తన సైకిల్ చైన్ ఒట్టి చేత్తో లాగాడు. అరచెయ్యి చీరుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి. వాడింకా నా స్నేహితుడే. అందుకే ఈ పొగడ్త నాకు పూర్తిగా రుచించదు.

రెండో ఆట:
నేల టికెట్ గారూ, మీ మాట నిజం, అమ్మ సినిమాని నేను వదిలేశాను. అయినా 1989నే ఎందుకు పట్టుకున్నానంటే, ఆ ఏడాది సినిమా శబ్దం మారింది. అంతకుముందు దెబ్బ పడితే డిషుం, విలన్ వస్తే డప్పులు, విలన్ నవ్వితే హాలు దద్దరిల్లాలి. 'శివ'లో భవానీగా రఘువరన్ గొంతే పెంచడు. మెల్లగా మాట్లాడతాడు, మనకి వణుకు పుడుతుంది. శివ పాపని సైకిల్ మీద ఎక్కించుకుని సందుల్లో పారిపోతుంటే మన ఊపిరి మనకి వినిపిస్తుంది. అది స్టెడీక్యామ్ అనే, పరిగెత్తుతున్నా కెమెరా కుదపకుండా పట్టే పరికరంతో తీసిన సినిమా అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం నేనూ ఆ సందులోనే పరిగెత్తాను.

ఇక 'గీతాంజలి' క్యాసెట్. ఖాళీ క్యాసెట్ కొని, రికార్డింగ్ షాపులో చీటీ మీద పాటలు రాసిచ్చి, రెండు రోజులాగి తెచ్చుకున్నాను. పాటలన్నీ వేటూరి గారివే. టేపు చిక్కుకుంటే పెన్సిల్ పెట్టి తిప్పడం, రాత్రి నాన్నకి వినపడకుండా సౌండ్ తగ్గించి "ఆమనీ పాడవే" వినడం. బాలు గారి గొంతు అంత చిన్న సౌండ్‌లో కూడా గదంతా నిండేది.

అత్తిపత్తి:
అన్నయ్యలూ, నేను పుట్టింది 1998లో. కాబట్టి "మన వయసు గొప్పది" అన్నది నాకు వర్తించదు. 'శివ' 2025 నవంబర్‌లో హాల్లో చూశాను, నచ్చింది. కానీ నన్ను కదిలించింది 'గీతాంజలి', అదీ ఫోన్‌లో చూస్తే. చావు దగ్గరపడిన అమ్మాయి "లేచిపోదామా" అని ఆటపట్టిస్తుంది, అర్ధరాత్రి దెయ్యం వేషం వేసి అబ్బాయిల్ని హడలగొడుతుంది. రోగం ఉన్న ఆడపిల్లని మంచం మీద పడుకోబెట్టి ఏడిపించలేదు. మా పెద్దమ్మ కూతురు ఇరవై రెండేళ్లకి జబ్బుతో పోయింది. తనూ చివరి నెల దాకా అలాగే అందర్నీ నవ్వించేది. ఈ సినిమా చూశాక పెద్దమ్మకి ఫోన్ చేశాను.

నేల టికెట్:
తల్లీ, నువ్వు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను. తను 'గీతాంజలి' చూడలేదట, వేసి చూపించమంది. నా మాట మాత్రం మార్చుకోను. ఏడాది మొత్తం చూసి ఓటెయ్యమంటే నాది 1980కే. ఆ ఫిబ్రవరిలో 'శంకరాభరణం' వచ్చింది. పెద్ద హీరో లేడు, అంతా సంగీతమే. అది అమ్మా చూసింది, నేనూ చూశాను.

కృష్ణ ఒడ్డు:
ఒక్కటి చెప్పి ఆపుతాను. నవంబర్‌లో మళ్లీ విడుదలైనప్పుడు ఆ కుట్లు పడ్డ స్నేహితుడితోనే వెళ్లాను. ఇద్దరికీ యాభై దాటాయి. శివ వంగి సైకిల్ చైన్ మీద చెయ్యి వెయ్యగానే హాలంతా ఈలలు, కాగితాలు. నేనూ వేశాను ఈల. పక్కకి తిరిగి చూస్తే వాడు ఈల వెయ్యలేదు, కుడి అరచెయ్యి ఎడమ బొటనవేలితో రుద్దుకుంటున్నాడు. నా అభ్యంతరం అలాగే ఉంది.