పిల్లల జుట్టు పరీక్షతో పోషకాహార లోపం తేలుతుందా?

కూకట్‌పల్లి తల్లి: మా ఏడేళ్ల బాబు తోటి పిల్లలంత ఎత్తు ఎదగడం లేదని ఒక ల్యాబులో జుట్టు పరీక్ష చేయించాము. జింకు తక్కువగా, రాగి ఎక్కువగా ఉన్నాయని నివేదిక ఇచ్చి, తామే అమ్మే జింకు మాత్రలు ఆరు నెలలు వాడమన్నారు. ఈ పరీక్షను నమ్మవచ్చునా?

మల్కాజిగిరి ఉపాధ్యాయుడు: నమ్మవచ్చుననే నా అభిప్రాయం. 1972లో అమెరికాలోని డెన్వర్‌లో, ఎదుగుదల మందగించి, ఆకలి లేక, రుచి సరిగా తెలియని పిల్లల జుట్టులో జింకు తక్కువగా ఉన్నట్లు వైద్యులు గుర్తించారు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక, కుదురు దగ్గరి మూడు సెంటీమీటర్లు గడచిన మూడు నెలల సంగతి చెబుతాయి. పైగా పిల్లవాడికి సూది బాధ ఉండదు.

తార్నాక వాసి: ఆ అధ్యయనం నిజమే, కానీ అందులో పిల్లల లక్షణాలను కూడా చూశారు, ఈ ల్యాబు అంకెను మాత్రమే పట్టుకుని మందు అమ్ముతోంది. చుండ్రు షాంపూలలోని జింకు, సెలీనియం, ఈత కొలనులో నాచు పట్టకుండా వేసే రాగి మందు వెంట్రుకకు పట్టుకుంటే, కడిగినా పూర్తిగా వదలవు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది: తీవ్రమైన పోషకాహార లోపంలో జుట్టు పెరుగుదలే కుంటుపడుతుంది కనుక, ఒంట్లో జింకు కొరవడినా పెరిగిన ఆ కాస్త వెంట్రుకలో అది మామూలుగానే కనబడవచ్చు. 2001లో అమెరికా వైద్య పత్రిక ‘జామా’లో వచ్చిన పరిశీలనలో, ఆరోగ్యంగా ఉన్న ఒకే వ్యక్తి జుట్టును ఆరు ల్యాబులకు పంపితే, ఒకదానితో ఒకటి పొంతన లేని ఫలితాలు వచ్చాయి. చేపల ద్వారా ఒంట్లో చేరే పాదరసాన్ని పట్టడానికి జుట్టు మంచి ఆధారమే. జింకు, రాగి విషయంలో ఆ మాట చెల్లదు.

మల్కాజిగిరి ఉపాధ్యాయుడు: రక్తంలోని జింకు కూడా జ్వరం వచ్చినా, భోజనం చేసినా తగ్గుతుంది కదండీ. జుట్టునొక్కదాన్నే తప్పుపట్టడం ఏం న్యాయం?

తార్నాక వాసి: అందుకే పిల్లల వైద్యులు ఆ ఒక్క అంకెపైనా ఆధారపడరు, ఎత్తు బరువుల చార్టు, తరచూ విరేచనాలు అవుతున్నాయా, ఏం తింటున్నాడు అన్నవన్నీ చూస్తారు. గుడ్డు, మాంసం లేకుండా ధాన్యాలు, పప్పులే ప్రధానమైన భోజనంలో, ఆ గింజల్లో సహజంగా ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు జింకును, ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. పెసలు మొలకెత్తించి పెడితే ఫైటేట్లు తగ్గుతాయి కనుక కొంత మేలు. ఇనుము సంగతి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను తెలిపేది) అనే రక్త పరీక్షలు చెబుతాయి. జింకు మాత్రలు మోతాదు మించి నెలల తరబడి వాడితే రాగి లోపించి రక్తహీనత రావచ్చు. అమ్మా, జుట్టు ఎక్కడ కత్తిరించారు? బాబు ఈతకు వెళ్తున్నాడా?

కూకట్‌పల్లి తల్లి: నుదుటి మీది జుట్టు కొసలు కత్తిరించారండీ. వేసవి సెలవులంతా ఈతకు వెళ్లాడు. బడిలో ఏటా కొలిచిన ఎత్తులు రాసిన కార్డు ఉంది, దానితో పిల్లల వైద్యుడి దగ్గరికి వెళ్తాము.