వారమ్ పెర్సీ పాత చర్చికి కప్పు వేయాలా, అలాగే వదిలేయాలా?

లీడ్స్_తెలుగోడు:
మొన్న సెలవుకి ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీ అనే పాడుబడ్డ పల్లె చూసొచ్చాం. కారు పైనే ఆపేసి పొలాల పక్కగా లోయలోకి నడవాలి, మంచి బూట్లు లేకపోతే బురదలో అయిపోతారు. ఊరంటూ ఏమీ లేదు. గడ్డి కింద పాత ఇళ్ళ పునాదుల గట్లు, వాటి చివర సెయింట్ మార్టిన్స్ చర్చి, అదీ కప్పు లేకుండా, సగం టవర్‌తో. 1959లో కూలిందట ఆ టవర్. చూసుకునేది పాత కట్టడాల సంస్థ ఇంగ్లిష్ హెరిటేజ్, మరి ఒక కప్పు వేయించలేరా? వానకీ మంచుకీ వదిలేసి దాన్ని సంరక్షణ అంటే నేను ఒప్పుకోను.

పాతగోడ:
వేద్దాం సరే, ఏ కాలం చర్చికి? మొదట 10వ శతాబ్దంలో చిన్న చెక్క చర్చి ఉండేది, తర్వాత రాతిది కట్టారు, ఊరు పెరిగేకొద్దీ మధ్య హాలుకి రెండు పక్కలా నడవాలు చేర్చారు, జనం తగ్గాక వాటిని కొట్టేసి ఆర్చ్‌ల మధ్య ఖాళీని రాళ్ళతో పూడ్చేశారు. బయటి గోడలో ఆ ఆర్చ్‌లు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి, మీ ఫోటోల్లో చూసుకోండి. కప్పుతో మొదలుపెడితే కిటికీలు, తలుపు, టవర్ దాకా వెళ్తారు, చివరికి ఎప్పుడూ లేని చర్చి ఒకటి తయారవుతుంది. విక్టోరియా రాణి కాలంలో ఇలా పాత చర్చిలను ‘బాగుచేసి’ పాడుచేస్తున్నారనే కదా రచయిత, డిజైనర్ విలియం మోరిస్ వాళ్ళు 1877లో పురాతన కట్టడాల రక్షణకి సంఘం పెట్టింది.

గోదారి_గట్టు:
అసలు ప్లేగుతో ఊరు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది కదా, ఎవరి కోసం ఈ కప్పు గొడవ?

పాతగోడ:
అందరూ చెప్పే కథే అది, తప్పు. 1349 ప్లేగు తర్వాత కూడా ఊరు నిలిచింది. 1500 ప్రాంతంలో మిగిలిన కొద్ది కుటుంబాలనూ భూస్వామి వెళ్ళగొట్టి గొర్రెలకి మేత భూమి చేశాడు. విచిత్రం ఏంటంటే ఊరు పోయినా చర్చి పోలేదు. ఇదే పారిష్‌లోని, అంటే ఇదే చర్చి కిందికొచ్చే టిక్సెండేల్ ఊరివాళ్ళు కిలోమీటర్ల కొద్దీ నడిచి ఇక్కడికే వచ్చేవాళ్ళు, పెళ్ళికైనా చావుకైనా. 1870లో వాళ్ళ ఊళ్ళోనే చర్చి కట్టాక గానీ వాళ్ళు ఇక్కడికి రావడం మానలేదు. 20వ శతాబ్దం మధ్యలో ఆరాధనా ఆగిపోయింది, కప్పు మీది సీసపు రేకులు కూడా పోయాయి.

అలంపూర్_పిల్ల:
శ్రీశైలం రిజర్వాయర్‌లో మునిగిపోతుందని మా వైపు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్ తెచ్చి మళ్ళీ కట్టారు. అక్కడ రోజూ దీపం పెట్టేవాళ్ళున్నారు కాబట్టి అది సరైనదే. ఇక్కడ ఎవరున్నారు? ఇంకోటండీ, ఇది వాడుకలో ఉన్న చర్చి అయితే లోపల నేల తవ్వనిచ్చేవాళ్ళా? పరిశోధకులు బెరెస్‌ఫర్డ్, హర్‌స్ట్ వాళ్ళు 1950 నుంచి 1990 దాకా ప్రతి వేసవీ ఆ ఊళ్ళో తవ్వారు, చర్చిలో, సమాధుల చోట కలిపి దాదాపు 700 అస్థిపంజరాలు దొరికాయి. మధ్యయుగపు పల్లె జనం ఏం తిన్నారో, ఏ రోగాలు పడ్డారో వాటి వల్లే తెలిసింది. పాడుబడబట్టే ఇంత బయటపడింది.

లీడ్స్_తెలుగోడు:
తవ్వకం పాయింట్ ఒప్పుకుంటా. కానీ తవ్వడం అయిపోయి ముప్పై ఏళ్ళు దాటింది కదా, ఇప్పుడు కప్పు వేస్తే ఏ సాక్ష్యం పోతుంది? మీరు చెప్తున్న ఆ ఆర్చ్‌ల గోడే రేపు మంచుకి పగిలితే ఏం చూపిస్తారు?

పాతగోడ:
గోడల పైన నీళ్ళు దిగకుండా కట్టడం, కీళ్ళలో సున్నం నింపడం, రాయి కదిలితే పట్టుకోవడం, ఇవి చేయాల్సిందే, దానికి నేను అడ్డం కాదు. సిమెంట్ మాత్రం వద్దు, తేమ బయటికి పోదు, రాయి ముఖం ఊడొస్తుంది. కప్పు వేరే సంగతి.

లీడ్స్_తెలుగోడు:
శవాన్ని మోసుకుంటూ అంత దూరం వచ్చినవాళ్ళ చర్చి వానలో తడుస్తుంటే నాకు బాలేదు, అంతే. లాజిక్ లేదనుకోండి.

గోదారి_గట్టు:
వాళ్ళు నడిచిన దారి ఇప్పుడుందా? పిల్లలతో వెళ్దామని.

పాతగోడ:
సరిగ్గా అదే దారో కాదో గానీ, యార్క్‌షైర్ వోల్డ్స్ వే కాలిబాట వారమ్ పెర్సీ నుంచి టిక్సెండేల్‌కే వెళ్తుంది. పూర్తిగా నడవాలంటే పిల్లలకి ఎక్కువే, చర్చి దాకా వెళ్ళి వెనక్కి రండి.