రొదలో మాట గ్రహింపు: పెద్దవయసు వారిని ఏ పరీక్షతో కొలవాలి?

ప్రశ్న: శ్రవణవిద్యార్థి

నమస్కారం. నేను ఆడియాలజీలో పీజీ చదువుతున్నాను. అరవై ఏళ్లు దాటినవారు రొదలో మాటను ఎంతవరకు పట్టుకోగలుగుతున్నారో కొలవడం నా ప్రాజెక్టు. మొదట పరీక్షించిన కొద్దిమందిలోనే ఒక చిక్కు ఎదురైంది. ఇద్దరి ఆడియోగ్రాములు (వినికిడి పరీక్ష గ్రాఫులు) ఒకదానిపై ఒకటి పెడితే గీతలు కలిసిపోయేంత దగ్గరగా ఉన్నాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఇద్దరూ పదాలన్నింటినీ తప్పు లేకుండా తిరిగి చెప్పారు. వెనుక నలుగురు మాట్లాడుకుంటున్న రొదను చేర్చగానే ఒకరు నింపాదిగా కొనసాగారు; రెండోవారు మూడో వాక్యం దగ్గరే చేతులెత్తేశారు. ఆడియోగ్రాము ఉండగా రొదలో వేరే పరీక్ష దేనికని మా గైడు అడుగుతున్నారు. ఆయనకు ఏమని చెప్పాలి? పరీక్షకు విడి పదాలు మంచివా, వాక్యాలా, అంకెలా? రొద ఒకే తీరుగా సాగే హోరుగా ఉండాలా, మనుషుల మాటలై ఉండాలా? రొద స్థాయిని ఒకచోట నిలిపి సరైన పదాలను లెక్కించాలా, జవాబును బట్టి స్థాయిని మారుస్తూ పోవాలా?

జవాబు: పాత ఆడియాలజిస్టు

మీ గైడు గారి ప్రశ్న పాతదే, జవాబూ పాతదే. రొదలో మాట వినగల శక్తిని కూడా మామూలు పరీక్షల్లో భాగంగా కొలవాలని అమెరికన్ ఆడియాలజిస్టులు కార్హార్ట్, టిల్‌మన్ 1970లోనే సూచించారు. 1978లో డచ్ శాస్త్రవేత్త ప్లాంప్ వినికిడి లోపాన్ని రెండు పాళ్లుగా విడదీశారు: ఒకటి ధ్వని తగ్గిపోవడం, రెండోది ధ్వని చెదిరిపోవడం. మొదటిదాన్ని శబ్దం పెంచి పూడ్చవచ్చు. రెండోదానికి శబ్దం పెంచితే మాటతో పాటు రొద కూడా పెరుగుతుంది కనుక ఫలితం ఉండదు. 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు స్వరాలను ఒక్కొక్కటిగా నిశ్శబ్దంలో వినిపించి, వినగలిగిన కనీస స్థాయిని గుర్తించే ఆడియోగ్రాము ప్రధానంగా మొదటి పాలునే చూపుతుంది. మీరు చెప్పిన ఇద్దరూ మొదటి పాలులో సమానులు, రెండో పాలులో కారు. మీ గైడు గారికి ఆ ఇద్దరి ఫలితాలనే పక్కపక్కన పెట్టి చూపండి. అంతకంటే గట్టి వాదన అవసరం లేదు.

ఇక రొద సంగతి. ఒకే తీరుగా సాగే హోరు మాటను కప్పుతుంది, అంతే. మనుషుల మాటలు కప్పడమే కాక దృష్టిని తమవైపు లాగుతాయి. వినదలచిన గొంతు ఏది, విడిచిపెట్టవలసిన గొంతు ఏది అని మెదడు అనుక్షణం తేల్చుకుంటూ ఉండాలి. పైగా ఒకరిద్దరి గొంతులే రొదగా ఉన్నప్పుడు నడుమ నడుమ ఖాళీలు వస్తాయి. పిన్నవయసు వారు ఆ సందుల్లోంచి మాట తునకలను ఏరుకుని అతికించుకుంటారు. పెద్దవయసు వారికి ఆ మేలు తక్కువగా దక్కుతుంది. కనుక వయసు ప్రభావాన్ని చూడదలచి హోరు ఒక్కదానినే వాడితే, ఉన్న తేడాలో కొంత కనబడకుండా పోతుంది. సమయం ఉంటే రెండూ వాడండి. ఒకటే వీలైతే మాటల రొదను ఎంచుకోండి.

స్థాయిని ఒకచోట నిలిపితే కొందరు అన్నీ చెప్పేస్తారు, కొందరు ఒక్కటీ చెప్పలేరు. ఆ రెండు కొసల్లోనూ మనుషుల మధ్య తేడా తెలియదు. అందుకే 1994లో వచ్చిన హింట్ పరీక్షలో వాక్యం సరిగా చెబితే తర్వాతిదాన్ని కష్టతరం చేస్తూ, తప్పితే తేలిక చేస్తూ, సగం వాక్యాలు అందే స్థాయిని వెతుకుతారు. 2004 నాటి క్విక్‌సిన్ పరీక్ష మధ్యేమార్గం పట్టింది. ఒక జాబితాలో ఆరు వాక్యాలు, వాక్యానికి అయిదు కీలక పదాలు. మాట రొదకంటే 25 డెసిబెల్లు పైన ఉన్న స్థితి నుంచి రెండూ సమానమయ్యే స్థితి వరకు, 5 డెసిబెల్ల చొప్పున దిగుతారు. 25.5 నుంచి సరైన పదాల మొత్తాన్ని తీసివేస్తే, మామూలు వినికిడి ఉన్నవారికంటే ఎన్ని డెసిబెల్ల అదనపు వెసులుబాటు కావాలో తెలుస్తుంది. 18 పదాలు చెప్పినవారికి 7.5 వస్తుంది. 3 వరకు మామూలుగానూ, 7 వరకు స్వల్ప లోపంగానూ, 15 వరకు మధ్యస్థంగానూ పరిగణిస్తారు. ఒక్క జాబితాతో తీర్పు చెప్పవద్దు. ఒకటి అభ్యాసానికి వాడి, ఆ తర్వాత కనీసం రెండింటి సగటు తీసుకోండి.

ఒక హెచ్చరిక: ఆ 25.5 లోపల, మామూలు వినికిడి వారికి ఆ ఇంగ్లిషు వాక్యాల్లో సగం పదాలు అందడానికి కావలసిన 2 డెసిబెల్ల లెక్క కలిసి ఉంది. సొంతంగా తయారుచేసిన తెలుగు వాక్యాలకు అదే సూత్రాన్ని అతికిస్తే వచ్చే సంఖ్యకు అర్థం ఉండదు. ముందుగా మామూలు వినికిడి ఉన్న యువతీయువకులపై మీ వాక్యాలను పరీక్షించి, వారి సగటును స్థిరపరచుకోవాలి.

జవాబు: పదక్రమం

నేను భాషాశాస్త్రం వైపు నుంచి వచ్చినవాడిని కనుక పరీక్షకు వాడే భాషా సామగ్రి గురించే రాస్తాను. 1977లో కాలికో, స్టీవెన్స్, ఇలియట్ రూపొందించిన స్పిన్ పరీక్షలో వాక్యంలోని చివరి పదాన్ని మాత్రమే తిరిగి చెప్పమంటారు. సగం వాక్యాల్లో ఆ పదాన్ని ముందు మాటలను బట్టి ఊహించవచ్చు, మిగతా సగంలో ఊహించలేము. పెద్దవయసు వారు సందర్భాన్ని చక్కగా ఉపయోగించుకుంటారు. ఊహించగల పదాల్లో వారి మార్కులు బాగా పెరుగుతాయి. కాబట్టి ఆ రెండు రకాల మధ్య తేడాను చూస్తే, చెవికి అందింది ఎంత, మనసు పూరించింది ఎంత అన్నది కొంతవరకు విడివడుతుంది.

ఈ పద్ధతిని తెలుగులోకి తెచ్చేటప్పుడు పదక్రమం అడ్డు వస్తుంది. మన వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. ‘దాహం వేసి గ్లాసెడు నీళ్లు తాగాడు’ అన్న వాక్యంలో చివరి పదాన్ని అడిగితే, దానిని వినకుండానే చెప్పవచ్చు. లక్ష్యపదం ‘నీళ్లు’ అనుకుందామా, ‘తాగాడు’ అన్నది ఆ తర్వాత వచ్చి, జారిపోయిన పదాన్ని వెనక్కి వెళ్లి సరిదిద్దుకునే అవకాశం ఇస్తుంది. అది లోపమని నేను అనను. నిజ జీవితంలో వినేవారు చేసేది అదే. కానీ ముందు వచ్చే సందర్భమూ వెనుక వచ్చే సందర్భమూ జాబితాలన్నింటిలో సమానంగా ఉండేలా చూడకపోతే, ఒక జాబితా తేలికై మరొకటి బరువవుతుంది.

మార్కులు వేసే నియమాన్ని కూడా ముందే రాసిపెట్టుకోండి. ‘ఇంట్లో’ అన్నదాన్ని ‘ఇంట్లోంచి’ అని చెబితే అది సగం తప్పా, పూర్తి తప్పా? ‘వచ్చాడు’ అని వినిపిస్తే ఒక పెద్దాయన తన యాసలో ‘వచ్చిండు’ అని తిరిగి చెబితే, ఆయన సరిగా విన్నట్టే లెక్క. దాన్ని తప్పుగా వేస్తే మీరు కొలిచింది వినికిడిని కాదు.

అంకెల విషయానికి వస్తే, 2004లో నెదర్లాండ్స్‌లో స్మిట్స్ బృందం ఫోనులో మూడేసి అంకెలను రొదలో వినిపించి చేసిన పరీక్ష బాగా ప్రాచుర్యం పొందింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన ‘హియర్‌డబ్ల్యూహెచ్‌వో’ యాప్ కూడా అదే దారిలోనిది. అంకెలు అందరికీ తెలుసు, జ్ఞాపకంపై భారం తక్కువ, ఊహకు తావు లేదు. అయితే తెలుగులో ‘రెండు’, ‘మూడు’ వంటివి రెండక్షరాలు, ‘ఎనిమిది’ నాలుగక్షరాలు. నిడివిని బట్టే ‘ఎనిమిది’ని గుర్తుపట్టవచ్చు, ‘మూడు’, ‘ఏడు’ మాత్రం రొదలో సులభంగా తారుమారవుతాయి. ఒక్కో అంకె స్థాయిని విడిగా సవరించి, అన్నీ సమాన కష్టంతో వినిపించేలా చేయక తప్పదు. అంత చేసినా అంకెలు ఎవరికి పూర్తి పరీక్ష అవసరమో వడకట్టడానికే పనికొస్తాయని నా అభిప్రాయం. అంకెలు పట్టుకోగలవారందరూ సంభాషణను పట్టుకోగలరని చెప్పలేము.

జవాబు: డెబ్బైఒకటి

నేను శాస్త్రం చదివినవాణ్ని కాను, పరీక్ష చేయించుకున్నవాణ్ని. నా వయసు 71. కొన్ని నెలల కిందట ఒకచోట నాకు ఇటువంటి పరీక్ష చేశారు. పరీక్ష చేసినావిడ వాక్యాలను రికార్డింగు నుంచి కాక తానే చదివారు. నేను తడబడిన ప్రతిసారీ నా ముఖం చూసి, జాలితో కాబోలు, గొంతు కాస్త పెంచారు. ఆవిడ పెదవులు కూడా నాకు కనిపిస్తూనే ఉన్నాయి. చివరకు బాగానే ఉందన్నారు. ఇంటికి వచ్చాక నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే నాకు మళ్లీ ఏమీ అర్థం కాలేదు.

ఇంకో మాట. సరిగా తెలియనిది చెప్పకూడదన్న అలవాటు మా వయసు వారిలో చాలామందికి ఉంటుంది. సగం వినబడిన పదాన్ని ఊహించి చెప్పవచ్చునని నాకు ఎవరూ చెప్పలేదు. అందువల్ల చాలాచోట్ల ఊరుకున్నాను. ఊహించినా ఫరవాలేదని మొదటే స్పష్టంగా చెప్పండి. పరీక్ష ముగిసేసరికి నేను ఎంత అలసిపోయానో ఏ కాగితం మీదా నమోదు కాలేదు.

జవాబు: పాత ఆడియాలజిస్టు

పై పెద్దాయన చెప్పినవి మూడూ మా క్లినిక్కుల్లో నిత్యం జరిగే పొరపాట్లే. రికార్డు చేసిన మాటలే వాడాలి, స్థాయిని ముందుగా సరిచూసుకోవాలి, పెదవులు కనిపించకూడదు. అలసట గురించి ఆయన అన్నది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తోంది. ఒకే మార్కు తెచ్చుకున్న ఇద్దరిలో ఒకరు తేలికగానూ ఒకరు చెమటోడ్చీ తెచ్చుకుని ఉండవచ్చు. ప్రతి జాబితా చివర ఎంత శ్రమ అనిపించిందో సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పమనండి. దానికి తోడు 2004లో గేట్‌హౌస్, నోబుల్ రూపొందించిన ఎస్‌ఎస్‌క్యూ అనే, రోజువారీ వినికిడి గురించి అడిగే ప్రశ్నావళి ఉంది. 49 ప్రశ్నలు ఎక్కువనిపిస్తే 12 ప్రశ్నల కురచ రూపం కూడా దొరుకుతుంది. తక్షణ జ్ఞాపకశక్తికి ఒక చిన్న పరీక్షను కూడా చేర్చండి. పొడవైన వాక్యాన్ని విని కూడా తిరిగి చెప్పేలోపు మరచిపోయినవారిని వినికిడి లోపం కింద లెక్కవేయకుండా అది కాపాడుతుంది.

శ్రవణవిద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. గైడు గారికి ఆ ఇద్దరి ఫలితాలను చూపాను. ప్రాజెక్టులో రొద పరీక్షను ఉంచడానికి ఒప్పుకున్నారు. పొట్టి వాక్యాలు, నలుగురి మాటల రొద, రికార్డు చేసిన గొంతు, ప్రతి జాబితా చివర శ్రమకు ఒక అంకె అనుకుంటున్నాను. చేతులెత్తేసిన రెండో వ్యక్తిని మళ్లీ పిలిచాను. మొదటిసారి రెండు చెవులకూ కలిపి హెడ్‌ఫోన్లలో వినిపించాను. ఈసారి ఏమైనా మార్చాలా?

జవాబు: పాత ఆడియాలజిస్టు

ఒక్కో చెవికి విడిగా కూడా వినిపించండి. పెద్దవయసు వారిలో కొద్దిమందికి రెండు చెవులతో విన్నప్పటికంటే ఒక చెవితో విన్నప్పుడే మాట బాగా అందుతుంది. ఆయన వారిలో ఒకరైతే, రెండు చెవులకూ వినికిడి యంత్రాలు ఇచ్చే ముందు ఆ సంగతి తెలిసి ఉండాలి. మొదటిసారి వాడిన జాబితాలను మాత్రం మళ్లీ వాడకండి. ఆయనకు కొన్ని వాక్యాలు గుర్తుండే ఉంటాయి.