‘బొంకవచ్చు’ పద్యంలో ‘మాన’ ఎందుకు?

నిన్న టీవీ చర్చలో ఒకాయన, అధికారం నిలుపుకోవడానికి అబద్ధమాడితే తప్పేముందంటూ శుక్రాచార్యుడి పద్యం అందుకున్నారు. పోతన భాగవతంలో, వామనుడికి ఇచ్చిన మాట తప్పమని బలిచక్రవర్తికి చెప్పేది: ఆడవాళ్ల దగ్గర, పెళ్లి విషయాల్లో, ప్రాణం, విత్తం, మానం పోయేటప్పుడు, గోబ్రాహ్మణులను కాపాడటానికి ‘బొంకవచ్చు నఘము వొంద దధిప’ అని. రెండో పాదం ‘ప్రాణమానవిత్త’ అన్నారు. నాకు ‘ప్రాణవిత్తమానభంగమందు’ అని గుర్తు. రాత్రి నుంచీ అదే నలుగుతోంది. ఏది సరి?

— నేనూ ‘విత్తమాన’ అనే చదువుకున్నాను. ఎలా పెట్టినా అయిదూ హగణాలే (గురువు, లఘువు), యతి ‘ప్రా–భం’కి. ఛందస్సు తేల్చదు. కానీ ఆ ‘మాన’ ఎక్కడిది? వ్యాసుడి సంస్కృత మూలంలో ‘వృత్త్యర్థే ప్రాణసంకటే’ అనే ఉంది. బతుకుతెరువు, ప్రాణాపాయం, అంతే.

— గణం కోసం వేసి ఉంటాడు సార్.

— పోతన గణం కోసం మాట వేస్తాడా! బలి జవాబు చూడండి: ‘మాటఁ దిరుగలేరు మానధనులు’. విత్తం కోసం, మానం కోసం బొంకవచ్చని గురువు అంటే, మానమే ధనమని శిష్యుడు అన్నాడు. అదీ ఆటవెలదిలోనే. ‘బొంకవచ్చు’కి ఎదురుగా ‘బ్రతుకవచ్చుఁ గాక’! ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

— అందరూ చివరి ‘అధిప’ను, అంటే ‘రాజా’ అనే పిలుపును, వదిలేశారు. మూలశ్లోకంలో సంబోధనే లేదు. రాజ్యం చేజారుతుంటే పట్టుకోమని రాజుకు చెప్పడం గురువు పని. ఆయన భయపడ్డట్టే మూడడుగుల్లో అంతా పోయింది కదా.

— రాజుకైతే నియమం ఇంకా గట్టిదండీ. భారతం ఆదిపర్వంలో, ఎప్పుడెప్పుడు బొంకవచ్చో ఇలాంటి జాబితానే శర్మిష్ఠ చదివితే యయాతి మహారాజు ‘రాజా ప్రమాణం భూతానాం’ అంటాడు. రాజు మాటే జనానికి కొలత, అబద్ధమాడితే నశిస్తాడని. తర్వాత ఆమె మాటకు లొంగాడు, అది వేరే సంగతి. అన్నట్టు ఆ జాబితాకు నన్నయ తెలుగు, ‘చను బొంకఁగ’ కందం చూడండి, అయిదు సందర్భాలూ ఎంత బిగువుగా ఇమిడాయో. ఈ ఒక్కచోట నా ఓటు నన్నయకే.

— బిగువు సరే, ‘అఘము పొందదు’ సంగతేమిటి? వ్యాసుడి శుక్రుడు ‘న జుగుప్సితం’ అన్నాడు. ఏవగించుకోనక్కర్లేదు అనడం వేరు, పాపమే అంటదనడం వేరు. ఆ చర్చలో పెద్దమనిషికి కావలసింది ఈ రెండోదే.

— భారతంలో శర్మిష్ఠ చదివిన శ్లోకంలో ‘అపాతకాని’ ఉంది, పాపం కానివని. పోతన అక్కణ్ణుంచి తెచ్చుకున్నాడని నా నమ్మకం.

— అయితే ‘మాన’ కూడా అక్కడే ఉండాలి కదా! లేదే. అక్కడున్నది ‘సర్వధనాపహారే’, ఉన్న ధనమంతా పోయేటప్పుడని.

— అందరికీ నమస్కారం. మా నాన్నగారి భాగవతం అటక మీద ఉంది. రేపు దించి ఆ పాదం ఫోటో పెడతాను.