జుఫ్తీ ముడి వేసిన ఖురాసాన్ తివాచీ లోపమున్న సరుకేనా?

పడుగుపేక:
ఇరాన్ తూర్పున ఖురాసాన్ ప్రాంతంలోని మషద్, బీర్జంద్ వైపు నుంచి వచ్చే చేతిముడి తివాచీల మీద ఒక ప్రశ్న ఎప్పటికీ తేలడం లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నా వాదన సూటిగా చెప్పేస్తాను: జుఫ్తీ ముడి ఉన్న తివాచీ లోపమున్న సరుకు. అమ్మేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి, ధర కూడా అందుకు తగ్గట్టు సగానికి తగ్గాలి.

కొత్తవాళ్ల కోసం కొంచెం వివరం. తివాచీలో ప్రతి ఊలు ముడీ మామూలుగా రెండు పడుగు (నిలువు) పోగులను పట్టుకుంటుంది. టర్కీ ముడిలో ఊలు రెండు పోగులనూ పూర్తిగా చుట్టి, కొసలు రెండూ ఆ పోగుల మధ్య నుంచి పైకి వస్తాయి. పర్షియన్ ముడిలో ఒక పోగును చుట్టి, పక్క పోగు వెనక నుంచి మాత్రం వెళ్తుంది. ఈ రెండో ముడికి 'సెన్నె ముడి' అని పేరు పడింది కానీ, ఆ సెన్నె (నేటి సనందజ్) ఊళ్లో ఎక్కువగా వేసేది టర్కీ ముడే. పేరు చూసి మోసపోవద్దు.

జుఫ్తీ అంటే అదే ముడిని రెండు పోగుల మీద కాకుండా నాలుగింటి మీద వేయడం. ఫార్సీలో 'జుఫ్త్' అంటే జత. రెండు ముడులు పడాల్సిన చోట ఒక్కటే పడుతుంది. పని సగం, ఊలు సగం, పైన నిలబడే ఊలు కుచ్చు కూడా సగం.

ఖురాసానీ ఎరుపు:
పడుగుపేక గారూ, 'లోపం' అనే మాట దగ్గరే నాకు పేచీ. 17, 18 శతాబ్దాల ఖురాసాన్ తివాచీల్లో జుఫ్తీ చాలా మామూలు. ఎక్కడ నేసిందో తెలియని పాత తివాచీ చేతికొస్తే, అది ఖురాసాన్‌దని పోల్చుకోవడానికి నిపుణులు చూసే ఆనవాళ్లలో జుఫ్తీ ఒకటి. అంటే అది ఆ ప్రాంతపు నేత పద్ధతి, దొంగచాటున దూర్చిన పని కాదు. ఒక ప్రాంతపు పద్ధతిని వాయవ్య ఇరాన్‌లోని తబ్రీజ్ కొలబద్దతో కొలిచి తప్పు పడితే ఎలా?

ఇంకో సంగతి. తివాచీ త్వరగా అరిగిపోయిందంటే నేను ముందు అనుమానించేది ఊలును. చర్మశుద్ధి కార్ఖానాల్లో చచ్చిన గొర్రె తోలుకు సున్నం పట్టించి ఊడదీసే ఊలు ఒకటుంది, 'తబ్బాచీ' అంటారు. సున్నం తిన్న ఆ పోగులో జీవం ఉండదు, పెళుసుగా ఉంటుంది, రంగు సమంగా పట్టదు. ఆ ఊలుతో ప్రతి ముడీ సక్రమంగా వేసిన తివాచీ కంటే, బతికున్న గొర్రె నుంచి కత్తిరించిన మంచి ఊలుతో జుఫ్తీ వేసిన తివాచీయే ఎక్కువ కాలం వస్తుంది. మీరు ముడిని పట్టుకుని ఊలును వదిలేస్తున్నారు.

సూదిమొన:
ఇద్దరూ ఒక విషయం దాటేశారు. జుఫ్తీ తివాచీ అంతటా ఉండదు, ఉండలేదు కూడా. ఎందుకో నమూనా కాగితం చూస్తే తెలుస్తుంది. గళ్ల కాగితం మీద ఒక గడి అంటే ఒక ముడి. తీగ అంచు గీత ఒకే గడి వెడల్పున ఉన్నచోట జుఫ్తీ వేస్తే గీత రెండింతలు లావవుతుంది, పువ్వు చెడిపోతుంది. పక్కపక్కన రెండు గళ్లు ఒకే రంగులో ఉన్నప్పుడే జుఫ్తీ వేసినా బొమ్మకు ఏమీ కాదు. కాబట్టి అది చేరేది సాదా నేలలోనే, అంటే బొమ్మ లేని ఒకే రంగు భాగంలో. మషద్ తివాచీల్లో ఆ విశాలమైన ఎరుపు నేల ఉంటుందే, అక్కడ.

జనం నడిచేది కూడా సరిగ్గా అక్కడే. అందుకే పదేళ్ల వాడకం తర్వాత పువ్వులు నిండుగా నిలబడి, వాటి చుట్టూ నేల పలచబడి కనిపిస్తుంది.

పట్టుకోవడం ఎలాగో చెబుతాను. తివాచీని తిరగేసి, ఒక కొసన వేలాడే దారపు కుచ్చులకూ మొదటి ముడుల వరసకూ మధ్య ఉండే సాదా నేత పట్టీ దగ్గర 10 సెం.మీ. కొలిచి పడుగు పోగులు లెక్కపెట్టండి. ఆ వేలాడే కుచ్చుల దగ్గర లెక్కపెట్టకండి, అక్కడ పోగులు కట్టలుగా ముడేసి ఉంటాయి, లెక్క తప్పుతుంది. వచ్చిన సంఖ్యను రెండుతో భాగిస్తే 10 సెం.మీ.కి ఉండాల్సిన ముడులు వస్తాయి. 100 పోగులుంటే 50 ముడులు. ఇప్పుడు వెనకవైపు సాదా నేలలో అదే 10 సెం.మీ. అడ్డంగా లెక్కపెట్టండి. 25 దగ్గర ఆగిపోతే అక్కడ జుఫ్తీ ఉన్నట్టే.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. పడుగు పోగులన్నీ ఒకే మట్టాన ఉండే నేతను 'తఖ్త్‌బాఫ్' అంటారు. అందులో టర్కీ ముడి ఒక్కొక్కటి వెనకవైపు రెండు బొడిపెలుగా కనిపిస్తుంది. మందపాటి పేకను (అడ్డపోగును) బిగించి లాగి, ఒక పోగును మరో పోగు వెనక్కి పూర్తిగా నెట్టే నేత 'లూల్‌బాఫ్'. అందులో ముడికి ఒక బొడిపే కనిపిస్తుంది. తఖ్త్‌బాఫ్‌ను లూల్‌బాఫ్ అనుకుంటే ఉన్న ముడులకు రెట్టింపు ఉన్నట్టు తేలుతుంది, జుఫ్తీ ఉన్నా సరిగ్గానే ఉందనిపిస్తుంది. అనుమానం తీరకపోతే తివాచీని వెనక్కి వంచి కుచ్చు పాయ తీసి, మొద్దు సూదితో ఒక్క ముడిని కొంచెం ఎత్తి చూడండి. దాని కింద ఎన్ని పోగులున్నాయో కళ్లకే కనిపిస్తుంది.

పడుగుపేక:
సూదిమొన గారు చెప్పింది నా వాదనకే బలం. ఎరుపు గారూ, మ్యూజియంలో మిగిలిన 300 ఏళ్ల తివాచీని చూపించి జుఫ్తీ నిలుస్తుందని చెప్పడం సరైన లెక్క కాదు. అరిగిపోయినవి మ్యూజియం దాకా రానేలేదు కదా.

ఊలు ముఖ్యమని మీరన్నది నిజమే, కాదనను. కానీ నాలుగు పోగుల మీద ఒక్క చుట్టుతో నిలిచిన ముడికి పట్టు తక్కువ. చుట్టుపక్కల కుచ్చు ఒత్తుగా ఉంటే ఒకదానికొకటి ఆనుకుని నిటారుగా నిలబడతాయి, అడుగు వాటి కొసల మీదే పడుతుంది. పలచగా ఉంటే కుచ్చు పక్కకు వాలిపోయి, అడుగు ఊలు పక్కభాగం మీద పడి నలుగుతుంది, దుమ్ము నేరుగా ముడి మొదటికి దిగుతుంది. ఇసుక రేణువులు అక్కడ చేరి ఊలును మొదట్లోనే కోస్తాయి. ఎంత మంచి ఊలైనా దానికి తట్టుకోదు. కొందరు ఆ పలచన కనిపించకుండా లావు ఊలు వాడతారు. కొత్తలో చేతికి నిండుగా తగులుతుంది, ముడి పట్టు మాత్రం అంతే.

లెక్క కూడా చూద్దాం. ఇరాన్‌లో నేత సాంద్రతను 'రజ్'లో చెబుతారు. తబ్రీజ్‌లో 7 సెం.మీ.కి ఎన్ని ముడులో అది రజ్. మిగతాచోట్ల 6.5 సెం.మీ.కి లెక్కిస్తారు. 6.5 సెం.మీ. కొలతలో 40 రజ్ అంటే చదరపు మీటరుకు సుమారు 3.79 లక్షల ముడులు. 2×3 మీటర్ల తివాచీకి దాదాపు 22.7 లక్షలు. అందులో సగం విస్తీర్ణం సాదా నేల అనుకుని అక్కడంతా జుఫ్తీ వేస్తే 5.7 లక్షల ముడులు తగ్గుతాయి. రోజుకు 8,000 ముడులు వేసే ఒక మనిషికి 71 రోజుల పని మిగిలినట్టు. తివాచీ పొడవు వెంట పడే అడ్డ వరసల సంఖ్య మారదు కాబట్టి నిలువున కొలిచి చూపిస్తే ఇంకా 40 రజ్ అనే అంటారు! నాకు మండేది ఇక్కడే.

ఏలూరు మగ్గం:
ఒక మాట చెప్పాలి. ఈ చర్చల్లో చివరికి తప్పంతా నేసేవాళ్ల మీద పడుతుంది, అది అన్యాయం. ఖురాసాన్ పల్లెల్లో నేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. వ్యాపారి ఊలు, నమూనా ఇచ్చి చదరపు మీటరుకు ఇంత అని కూలి కడితే, ముడి ముడికీ విడిగా కూలి లేనప్పుడు, 71 రోజులు ఊరికే ఇమ్మని ఆమెను అడిగినట్టే. ముడులు లెక్కగట్టి కూలి ఇచ్చి, వారం వారం మగ్గం దగ్గరికెళ్లి వెనకవైపు చూసే కార్ఖానాల్లో జుఫ్తీ బతకదు.

ఆ ప్రాంతపు చేతులకు ఏం చేతకాదని ఎవరూ అనుకోకండి. అబూదాబీ షేక్ జాయెద్ మసీదులో పరిచిన తివాచీ 5,627 చదరపు మీటర్లు. నమూనా గీసింది అలీ ఖలీకీ. ఇరాన్ కార్పెట్ కంపెనీ ఖురాసాన్‌లోని నిషాపూర్ చుట్టుపక్కల పల్లెల్లో సుమారు 1,200 మంది చేత నేయించింది. ముడులు 220 కోట్లకు పైనే, అంటే చదరపు మీటరుకు దాదాపు 4 లక్షలు. అక్కడుండే మన తెలుగువాళ్లు ఎందరో దాని మీద అడుగు పెట్టే ఉంటారు.

తివాచీ నేత పర్షియా నుంచి వలస వచ్చినవాళ్ల ద్వారా మా ఏలూరు చేరిందని పరంపరగా చెప్పుకుంటారు. ఇక్కడైనా అక్కడైనా కూలి లెక్క ఎలా ఉంటే ముడి అలా పడుతుంది.

ఖురాసానీ ఎరుపు:
మగ్గం గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. పడుగుపేక గారు చెప్పినట్టు రజ్‌ను నిలువున కొలిచి చూపించడం మోసమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అది అమ్మకంలో మోసం. జుఫ్తీ అని చెప్పి అమ్మితే అందులో తప్పేముంది? ఇరాన్‌లోనే కెర్మాన్‌లో అమెరికా బజారు కోసం మధ్యలో సాదా నేల ఉంచి నేసిన తివాచీల్లోనూ జుఫ్తీ కనిపిస్తుంది. పడకగదిలో, చెప్పులు వేసుకోని ఇంట్లో అవి హాయిగా పనికొస్తాయి.

ఇంకో జాగ్రత్త: మషద్ తివాచీల్లో 'టర్క్‌బాఫ్' (టర్కీ ముడి), 'ఫార్స్‌బాఫ్' (పర్షియన్ ముడి) అని రెండు రకాలున్నాయి. టర్క్‌బాఫ్ తబ్రీజ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల పద్ధతి, కొక్కెం ఉన్న కత్తితో టర్కీ ముడి వేస్తారు. దానికి పేరు ఎక్కువ, ధరా ఎక్కువే. టర్క్‌బాఫ్ అన్న మాట విని వెనకవైపు చూడకుండా కొనేవాళ్లున్నారు. టర్కీ ముడిని కూడా నాలుగు పోగుల మీద వేయొచ్చు.

ఊలు పరీక్ష మాత్రం మానకండి. తెల్ల బట్టతో ఒకేచోట గట్టిగా 20 సార్లు రుద్దండి. కొత్త తివాచీకి కొంత నూగు రాలడం మామూలే. పొడి పొడిగా విరిగిన ముక్కలు రాలితే, రంగు నిర్జీవంగా కనిపిస్తే తబ్బాచీ అని అనుమానించాలి.

సూదిమొన:
నేల పలచగా ఉన్న ప్రతిదీ జుఫ్తీ అనుకోకండి. నలుపు, ముదురు గోధుమ రంగు గీతలు మాత్రమే కుంగి ఉంటే అది ముడి తప్పు కాదు. ఆ రంగు పట్టించడానికి వాడిన ఇనుప లవణం ఏళ్ల మీద ఊలును తినేస్తుంది. పాత తివాచీల్లో మామూలే.

మరమ్మతు చేయించేవాళ్లకు: జుఫ్తీ నేలలో అరిగిన చోట 'బాగుచేస్తున్నాం' అని అదే లావు ఊలుతో ఒక్కొక్క ముడీ రెండేసి పోగుల మీద వేస్తే ఆ ముక్క ఒత్తై ఉబ్బుతుంది, చుట్టూ ముడతలు పడతాయి. ఉన్న నేతకు తగ్గట్టు జుఫ్తీయే వేయాలి, లేదంటే ఊలు సన్నం చేయాలి. వాక్యూమ్‌లో తిరిగే బ్రష్ ఆపేయండి. కుచ్చు వాలిన దిక్కునే పీల్చండి. ఆరు నెలలకోసారి తివాచీని ఈ కొస ఆ కొసకు తిప్పి పరచండి.

పడుగుపేక:
సరే, చెప్పి అమ్మితే మోసం కాదన్నది ఒప్పుకుంటున్నాను. అలాంటప్పుడు రసీదు మీద రెండు సంఖ్యలు రాయాలి: పువ్వులున్న అంచులో 10 సెం.మీ.కి అడ్డంగా ఎన్ని ముడులు, సాదా నేలలో ఎన్ని. 'రజ్ ఇంత' అని ఒక్క సంఖ్య రాస్తే కొనకండి. ధర సగానికి తగ్గాలి అన్న నా మాట మీద మాత్రం నిలబడుతున్నాను.

ఖురాసానీ ఎరుపు:
రెండు సంఖ్యలకు సరే. సగం ధర మాత్రం మీ లెక్కకే నిలవదు. 22.7 లక్షల్లో 5.7 లక్షలు తగ్గితే పావు వంతు. పడుగు నూలు ఖర్చు అలాగే ఉంటుంది కాబట్టి తగ్గాల్సింది కూలిలో, ఊలులో పావు వంతే.

పడుగుపేక:
నేల అరిగాక పువ్వులు బాగున్నాయని తివాచీ ఎవరూ ఉంచుకోరు కదండీ. తివాచీ ఆయువు ముందుగా అరిగే చోటుదే. అందుకే నాది సగమే.