మాండెలావ్ బీట్‌లో 808 ముద్దైపోతోంది, ఏది ముందు సరిచేయాలి?

808పిచ్చి:
బ్రెజిల్‌లోని సావో పౌలోలో పుట్టిన ఫంక్ సంగీత శైలి మాండెలావ్ తరహాలో, 130 బీపీఎం (నిమిషానికి 130 బీట్లు) మీద ఎఫ్ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో బీట్ కడుతున్నా. మాస్టర్ (అన్ని శబ్దాలూ కలిసే చివరి ఛానెల్) మీద క్లిప్పర్ (శబ్దం శిఖరాలను కోసేసేది) పెట్టి గట్టిగా తోస్తే 808 (లోతైన బేస్ డ్రమ్ శబ్దం) ముద్దైపోతోంది, ఎంసీ (పాడేవాడి) గొంతు బొంగురుపోతోంది. ఫోన్‌లో అసలు బేసే లేదు. ఈ తరహాలో వచ్చే, చెవుల్లో గింగురుమనే ‘తుయిన్’ శబ్దం వేస్తే మిగతావేవీ వినపడట్లేదు.

గ్రిడ్‌రాజు:
ముందు మాస్టర్ మీద క్లిప్పర్ తీసేయండి. గొంతూ 808 కలిసి ఒకే క్లిప్పర్‌లోకి వెళ్తే బేస్ పొంగినప్పుడల్లా గొంతు కూడా తెగుతుంది. మీకు వినిపిస్తున్న బొంగురు అదే. 808ని విడి ఛానెల్లో పెట్టి 30 హెర్ట్జ్ కింద కోసేయండి, ఆ తర్వాతే డిస్టార్షన్, చివర్లో ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దుబాటు). వరుస తప్పితే చెవికందని లోతు బేసే క్లిప్పర్ జాగా అంతా తినేస్తుంది.

808 లాంటి 50 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని రెండు వైపులా సమానంగా క్లిప్ చేస్తే 150, 250, 350 హెర్ట్జ్ దగ్గర హార్మోనిక్స్ (పై స్వరాలు) పుడతాయి. ఫోన్ స్పీకర్ 50ని పలకలేదు, కానీ ఈ పైవి వింటే చెవి కింది స్వరాన్ని తానే ఊహించుకుంటుంది.

ఇక 808 తోక, అంటే దెబ్బ తర్వాత సాగే శబ్దం. 130 మీద ఒక గడి (బార్‌లో పదహారో వంతు) సుమారు 115 మిల్లీసెకన్లు. 16 గడుల్లో 1, 4, 7, 11, 13 మీద కొడితే మూడు గడుల ఎడం అంటే 346 మిల్లీసెకన్లు. అన్నిటికంటే దగ్గరివి 11, 13: మధ్యలో 231 మాత్రమే. తోక అంతకంటే పొడవుంటే ఒక దెబ్బ మీద ఇంకోటి పడి ముద్దవుతుంది. శాంప్లర్‌లో ‘కట్ ఇట్‌సెల్ఫ్’ నొక్కండి, కొత్త దెబ్బ పడగానే పాతది ఆగిపోతుంది.

కోర్నెట:
తుయిన్ సంగతి: 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య చెవి చాలా చురుకు. మీటర్‌లో చిన్నగా కనిపించినా వినడానికి పెద్దదే. 3 కిలోహెర్ట్జ్ దగ్గర సైన్ తీసుకుని 808 పీక్ కంటే 18 డెసిబెల్స్ కింద మొదలుపెట్టండి. మొదలు, చివర 5 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వకపోతే ‘టిక్’మంటుంది. పాటంతా సాగదీయకండి, నాలుగు బార్లు వేసి తీసేస్తేనే దెబ్బ. హెడ్‌ఫోన్‌లో వాల్యూమ్ తగ్గించి పని చేయండి, ఇది చెవులు పాడుచేసే రకం.

మరీ నున్నగా చేయకండి కూడా. సావో పౌలోలోని పరైజోపొలిస్, ఎలియోపొలిస్ బస్తీల వీధుల్లో ఫ్లుక్సు (వీధి పార్టీ) జరిగేది కార్లకు కట్టిన పరెడావ్‌ల (గోడలాంటి స్పీకర్ల వరసల) మీద. వాటిలోని హార్న్ స్పీకర్లు మిడ్‌నే (మధ్యస్థాయి శబ్దాలనే) బయటికి విసురుతాయి. శుభ్రమైన మిక్స్ అక్కడ చప్పబడిపోతుంది.

బీపీఎంబాబు:
టెంపో మార్చకండి. 150 బీపీఎం రియో డి జనీరో ఫంక్ దారి, అది వేరే ఊపు. రీల్స్‌లో తిరిగే ‘బ్రెజిలియన్ ఫాంక్’ (phonk, ఇది ఫంక్ కాదు, వేరే తరహా)ని రిఫరెన్స్‌గా పెట్టుకుంటే ఇంకా దారి తప్పుతారు.

808పిచ్చి:
కట్ ఇట్‌సెల్ఫ్‌తో ముద్ద చాలావరకు పోయింది, థాంక్స్. గొంతు వచ్చినప్పుడు తుయిన్ తగ్గేలా సైడ్‌చెయిన్ చేయొచ్చా?

కోర్నెట:
చేయండి, 4 డెసిబెల్స్ చాలు. రిలీజ్ (తగ్గిన శబ్దం తిరిగి లేవడానికి పట్టే సమయం) 80 మిల్లీసెకన్ల లోపు పెట్టండి, లేదంటే మాటల మధ్య తుయిన్ తిరిగి లేవదు.